రెట్టింపు కూలి: ఒక మాట వెనుక లెక్క

2025 ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం చిలకలగూడలో ఒక మిత్రుడి ఇంట్లో కథాపఠనం జరిగింది. పదిహేను మందిమి ఉన్నాం. ఒక యువ రచయిత తన కొత్త కథ చదివాడు. కథానాయకుడు యాదగిరి మేడ్చల్ దగ్గర ఒక గోదాములో ప్యాకింగ్ పనివాడు. కూతురి కాలేజీ ఫీజు కోసం మూడు నెలలపాటు రోజూ ఓవర్‌టైం చేస్తాడు. చివరికి ఆ ఓవర్‌టైం డబ్బు ఉన్న కవరు తెచ్చి భార్య చేతిలో పెడతాడు. ఆమె కవరు వంక చూడదు, భర్త వాచిపోయిన కాళ్ల వంక చూస్తుంది. కథ అక్కడ ముగుస్తుంది.

అందరం మెచ్చుకున్నాం. వస్తువు బాగుందన్నారు కొందరు, ముగింపులో సంయమనం ఉందన్నారు మరికొందరు. ఎం.ఏ. తెలుగు చదివి ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న నేను కూడా కరుణరసం గురించి నాలుగు ముక్కలు మాట్లాడాను. గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకరు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, అంతసేపూ నోరు మెదపలేదు. అందరూ అయిపోయాక అడిగారు: "బాబూ, మీ యాదగిరికి ఓటీ ఎన్ని గంటల మీంచి పడింది? సింగిలా, డబులా?"

రచయిత తెల్లబోయాడు. మాకెవరికీ జవాబు తెలియదు. కవరులో ఎంత డబ్బు ఉందో రచయిత రాయలేదు. రాయవలసిన అవసరం ఉందని అతనికీ తోచలేదు, మాకూ తోచలేదు. రైతు కథ రాసేవాడు ఎకరానికి ఎన్ని బస్తాలు పండుతాయో తెలుసుకుని రాస్తాడు. కార్మికుడి కథ దగ్గరికి వచ్చేసరికి మనకు కన్నీళ్లు చాలు, లెక్కలు అక్కర్లేదు! ఆ రోజు ఇంటికి వచ్చాక ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. చదివినది నాలాంటి వాళ్లకోసం, అంటే కథలు రాసేవాళ్లకోసం, సాహిత్య విద్యార్థులకోసం ఇక్కడ విప్పి చెబుతున్నాను.

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. ఓవర్‌టైం అంటే కష్టపడి పనిచేసేవాడికి యజమాని ఇచ్చే అదనపు ప్రతిఫలమని మన మధ్యతరగతి భావన. 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ అలా అనుకోలేదు. రోజుకు 9 గంటలు దాటినా, వారానికి 48 గంటలు దాటినా ఆ దాటిన ప్రతి గంటకూ మామూలు రేటుకు రెట్టింపు చెల్లించాలని ఆ సెక్షన్ చెప్పింది. ఒకటికి రెండు ఎందుకు? తొమ్మిదో గంటలో, పదో గంటలో కార్మికుడు రెండింతలు సరుకు తీస్తాడనా? అలిసిపోయిన చేతులు అప్పుడు తీసేది తక్కువే. ఆ రెట్టింపు కార్మికుడికి బహుమానం కాదు, యజమానికి జరిమానా. మనిషి పనిదినాన్ని పొడిగించాలనే కోరిక యజమానికి ఖరీదుగా పరిణమించాలి, ఖరీదయితే మానుకుంటాడు, మానుకుని మరో మనిషిని పనిలోకి తీసుకుంటాడు. చట్టం వేసిన ఎత్తు ఇది.

చిన్న లెక్క చూడండి. ఒక చోట రోజుకు 48 గంటల పని ఉంది. ఆరుగురు మనుషులు 8 గంటల చొప్పున చేస్తే పని పూర్తవుతుంది. నలుగురే 12 గంటల చొప్పున చేసినా పూర్తవుతుంది. 8 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలంటే నలుగురితో చేయించే యజమాని 32 గంటలకు మామూలు కూలి, మిగిలిన 16 గంటలకు రెట్టింపు, వెరసి 64 గంటల కూలి ఇవ్వాలి. ఆరుగురిని పెట్టుకుంటే 48 గంటల కూలితో సరిపోతుంది. ఇప్పుడు ఆ రెట్టింపు తీసేయండి. నలుగురైనా ఆరుగురైనా కూలి ఒక్కటే. పైగా నలుగురితో చేయిస్తే ఇద్దరు మనుషుల ప్రావిడెంట్ ఫండు, సెలవులు, గ్రాట్యుటీ, వాళ్లకు వేయవలసిన రెండు లాకర్లు, రెండు కుర్చీలు అన్నీ మిగులు. ఆ ఇద్దరు గేటు బయట ఉంటారు. లోపల ఉన్న నలుగురి కాళ్లు వాస్తాయి. యాదగిరి కాళ్ల వాపుకూ, బయట నిలబడ్డ నిరుద్యోగి ఖాళీ జేబుకూ మధ్య ఉన్న సంబంధం ఈ రెట్టింపు అనే ఒక్క మాటలో ఉంది. మన కథలో ఆ రెండో మనిషి లేడు.

ఈ రెట్టింపును తీసేయాలని ఎవరైనా చూశారా అంటే చూశారు. కోవిడ్ కాలంలో 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఫ్యాక్టరీలలో రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటలు పనిచేయించుకోవచ్చు, అదనపు గంటలకు మామూలు రేటు ఇస్తే చాలు అన్నది. ఫ్యాక్టరీల చట్టంలో 5వ సెక్షన్ ఒకటి ఉండేది. యుద్ధమో, దేశ భద్రతకు ముప్పు తెచ్చే అంతర్గత కల్లోలమో వచ్చినప్పుడు ప్రభుత్వం చట్టం నుంచి మినహాయింపు ఇవ్వవచ్చునని అది చెప్పేది. అంటురోగాన్ని ఆ గొడుగు కిందికి లాగారు. గుజరాత్ మజ్దూర్ సభ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 అక్టోబరు 1న కోర్టు నోటిఫికేషన్‌ను కొట్టివేసి, ఆ కాలంలో చేయించుకున్న ఓవర్‌టైంకు చట్ట ప్రకారం చెల్లించమన్నది. ఆ ప్రయత్నం మొరటుది. చట్టం ఒకటికి రెండు అంటే నోటిఫికేషన్ ఒకటికి ఒకటి అన్నది, ఎవరికైనా కనిపిస్తుంది. తర్వాత వచ్చినవి అంత మొరటువి కావు. రెట్టింపు జోలికి పోకుండానే రెట్టింపును మాయం చేసే విద్య అవి నేర్చుకున్నాయి.

2025 జులై 5న తెలంగాణ ప్రభుత్వ కార్మిక శాఖ 282 నంబరు జీవో ఇచ్చింది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని 16, 17 సెక్షన్ల నుంచి వాణిజ్య సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. దుకాణాలను మాత్రం ఇందులో చేర్చలేదు. రోజుకు 10 గంటలు, వారానికి 48 గంటలు పనిచేయించుకోవచ్చు. అంతకు మించితే ఓవర్‌టైం ఇవ్వాలి. 6 గంటలు దాటి పనిచేస్తే అర గంట విరామం. విరామంతో సహా రోజు మొత్తం 12 గంటలు మించకూడదు. మూడు నెలల్లో ఓవర్‌టైం 144 గంటలు మించకూడదు. ఉద్దేశం ఏమిటంటే 'ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్' అన్నారు. వ్యాపారం చేయడంలో సులువు అని మన పత్రికలు అనువదించాయి. పని చేయడంలో సులువు అన్న మాట ఏ జీవోలోనూ నాకు ఇంతవరకు కనబడలేదు.

వారానికి 48 గంటలు అలాగే ఉన్నాయి కదా, ఓవర్‌టైం కూడా ఇవ్వాలంటున్నారు కదా, నష్టమేమిటి అని అప్పట్లో చాలామంది అన్నారు. మా స్టాఫు రూములో లెక్కల మాస్టారు కూడా అదే అన్నారు. ఆయన చేతే బోర్డు మీద లెక్క వేయించాను. యాదగిరికి గంటకు 100 రూపాయలనుకుందాం. వారంలో నాలుగు రోజులు పదేసి గంటలు చేశాడు, ఐదో రోజు 8 గంటలు చేశాడు. మొత్తం 48. పాత నిబంధన ప్రకారం రోజుకు 8 గంటలు దాటితే ఓవర్‌టైం. కాబట్టి నాలుగు రోజుల్లో రెండేసి గంటల చొప్పున 8 గంటలు రెట్టింపు రేటు మీద పడతాయి. 40 గంటలకు 4000, 8 గంటలకు 1600, మొత్తం 5600 రూపాయలు. కొత్త నిబంధన ప్రకారం రోజుకు 10 దాటలేదు, వారానికి 48 దాటలేదు. ఓవర్‌టైం సున్న. చేతికి వచ్చేది 4800. గంటలు అవే, మనిషి అతడే, కాళ్ల వాపు అంతే. 800 రూపాయలు ఎటు పోయాయి? ఎవరూ జీతం తగ్గించలేదు, ఎవరూ రెట్టింపును ఒంటింపు చేయలేదు. 'మామూలు రోజు' అన్న మాటకు అర్థాన్ని రెండు గంటలు పక్కకు జరిపారు, అంతే. లెక్కల మాస్టారు సుద్దముక్క పక్కన పెట్టి, "భాషా మాస్టారూ, ఇది మీ సబ్జెక్టేనండీ" అన్నారు.

నిజమే. మనం అలంకారశాస్త్రంలో అభిధ, లక్షణ, వ్యంజన అని శబ్దశక్తులు చెబుతాం. వాచ్యార్థం ఒకటి ఉండగా వేరే అర్థం ఎలా పుడుతుందో విద్యార్థులకు ప్రశ్నలిస్తాం. 'సాధారణ పనివేళ' అన్న రెండు మాటల్లో ఏ గంట సాధారణం, ఏ గంట అసాధారణం అన్నది నిర్ణయించడం వర్గపోరాటంలో భాగమని మాత్రం చెప్పం. మాట మీద జరిగిన తగాదాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1972లో నాగపూర్ కార్మికుల మామర్డే కేసులో ప్రశ్న ఇదే: రెట్టింపు అంటే దేనికి రెట్టింపు? ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికా, కార్మికుడు నిజంగా తీసుకుంటున్న వేతనానికా? నిజంగా తీసుకుంటున్న దానికే అని కోర్టు చెప్పింది. 'ఆర్డినరీ' అన్న విశేషణం మీద ఎందరి ఇళ్లలో పొయ్యి ఆధారపడి ఉంటుందో చూడండి.

ఈ మార్పును సమర్థించేవాళ్ల వాదన కూడా చెప్పాలి. నాలుగు రోజులు పదేసి గంటలు చేసి, ఐదో రోజు పని ముగించుకుని రెండు రోజులు ఇంటిపట్టున ఉండవచ్చు, దూరం నుంచి వచ్చేవాళ్లకు బస్సు ఖర్చులు మిగులుతాయి అంటారు. కొందరికి, ముఖ్యంగా చేతిలో నైపుణ్యం ఉండి అడగగలిగిన వాళ్లకు, ఇది లాభమే కావచ్చు. కాదనను. కానీ ఏ రోజు పది గంటలు, ఏ రోజు ఎనిమిది అన్నది ఎవరు నిర్ణయిస్తారు? గోదాములో పండగల సీజను వచ్చినప్పుడు పది గంటలు, సరుకు లేనప్పుడు ఇంటికి పంపడం. సమయం సాగే రబ్బరులా ఉంటుంది, సాగదీసే చెయ్యి మాత్రం ఎప్పుడూ ఒక వైపే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మార్పు ఫ్యాక్టరీల చట్టం మీదికే వచ్చింది. 2025 జూన్‌లో అక్కడి మంత్రివర్గం సవరణలకు ఆమోదం తెలిపింది. రోజువారీ పరిమితి 9 నుంచి 10 గంటలకు, విరామం లేకుండా పనిచేయించగలిగిన సమయం 5 నుంచి 6 గంటలకు, విరామంతో సహా రోజు వ్యవధి పదిన్నర నుంచి 12 గంటలకు, మూడు నెలల ఓవర్‌టైం పరిమితి 75 నుంచి 144 గంటలకు పెంచాలన్నది ప్రతిపాదన. వామపక్షాలు, కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. తెలంగాణ జీవో వచ్చిన నాలుగో రోజున, 2025 జులై 9న జరిగిన దేశవ్యాప్త సార్వత్రిక సమ్మెకు లేబర్ కోడ్‌ల రద్దు ముఖ్యమైన కోరిక. రెండు రాష్ట్రాల్లో రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు. రెంటి చేతా ఒకే అంకె పలికించిన శక్తి ఏదో విడిగా చెప్పనక్కర్లేదు.

ఆ 144 దగ్గర కాస్త ఆగాలి. మూడు నెలలకు 13 వారాలు. 144ను 13తో భాగిస్తే వారానికి 11 గంటలు. మామూలు 48కి అది కలిపితే 59. ఈ 59 అన్న అంకె నన్ను పాత పుస్తకాల్లోకి తీసుకెళ్లింది. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి మహాసభ తన తొలి ఒడంబడికగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని తీర్మానించింది. ఓవర్‌టైం రేటు మామూలుకు ఒకటింబావుకు తగ్గకూడదన్నది. ప్రపంచానికంతటికీ 48 అని చెప్పి, బ్రిటిష్ ఇండియాకు మాత్రం 10వ అధికరణంలో వేరే అంకె రాశారు: వారానికి 60 గంటలు. బానిస దేశపు మనిషి శరీరం 12 గంటలు ఎక్కువ ఓర్చుకుంటుందని వాళ్ల నమ్మకం కాబోలు. 1922 చట్టం ఆ 60 గంటలనే, రోజుకు 11 గంటలనే ఇక్కడ అమలు చేసింది. 1934 చట్టం వారానికి 54, రోజుకు 10 చేసింది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న అంబేద్కర్ ప్రవేశపెట్టిన బిల్లు ద్వారా 1946లో 48 గంటల వారం, 9 గంటల రోజు వచ్చాయి. 1948 చట్టం దాన్ని ఖాయం చేసింది. 60 నుంచి 54, 54 నుంచి 48. ఒక్కొక్క మెట్టు వెనుక ఎన్ని సమ్మెలు, ఎన్ని లాఠీచార్జీలు! 8 గంటల పనిదినం కావాలని 1862లోనే, షికాగోకు 24 ఏళ్ల ముందే, హౌరా రైల్వే కార్మికులు పని ఆపారు. ఇప్పుడు రోజుకు 10 గంటలు అంటే 1934 అంకె. ఓవర్‌టైంతో కలిపి వారానికి 59 అంటే తెల్లదొరలు మనకోసం ప్రత్యేకంగా రాసిన అంకెకు ఒక్క గంట తక్కువ.

ఓవర్‌టైం చేయమని ఎవరూ బలవంతం చేయరు కదా, పరిమితి మాత్రమే పెంచారు కదా అనవచ్చు. ఏడాదికి 576 గంటలు అవుతుంది. 48 గంటల వారాలుగా చూస్తే సరిగ్గా 12 వారాలు. అంటే ఏడాది అనే 52 వారాల్లో 64 వారాల పని పట్టించవచ్చునని అర్థం. తలుపు అంత వెడల్పు చేసి, లోపలికి ఎవరినీ రమ్మనలేదు అంటే నమ్ముదామా?

అసలు చిక్కు మరోచోట ఉంది, మన రచయితలకు కావలసిన చోటు కూడా అదే. ఓవర్‌టైం కావాలని అడిగేది చాలాసార్లు కార్మికుడే. మా బడిలో చదివే పిల్లల తండ్రుల్లో సెక్యూరిటీ గార్డులు, ఆసుపత్రి వార్డుబాయ్‌లు, క్యాబ్ డ్రైవర్లు ఉన్నారు. పేరెంట్స్ మీటింగుకు ఎందుకు రాలేదని అడిగితే "డబుల్ డ్యూటీ సార్" అంటారు. డబుల్ డ్యూటీ అన్న మాటను గమనించండి. అందులో డబుల్ అయ్యేది డ్యూటీ, జీతం కాదు! రెండో షిఫ్టుకు కూడా ఒంటి కూలే ఇస్తారని, అదీ అగ్రిమెంటులో ఉండదని వాళ్లే చెబుతారు. అయినా ఆ డ్యూటీ కోసం సూపర్‌వైజర్ చుట్టూ తిరుగుతారు. ఎనిమిది గంటల కూలితో ఇల్లు గడవదు కనుక. ఓటీ పంచే అధికారం చేతిలో ఉన్నవాడు షిఫ్టులో చిన్న జమీందారు. నచ్చినవాడికి ఇస్తాడు, ఎదురు చెప్పినవాడికి ఆపుతాడు. యూనియన్ సభ్యత్వం తీసుకున్నవాడికి మొదట తగిలే దెబ్బ డిస్మిస్ కాదు, ఓటీ జాబితాలో పేరు లేకపోవడం.

అంటే తన శత్రువును తానే కోరుకునే స్థితి. ఓవర్‌టైం పరిమితి తగ్గించమని యూనియన్ అడిగితే, సభ్యులే "మా పొట్ట కొడతారా" అంటారు. ఎనిమిది గంటల పనిదినం మీద మేడే నాడు ఉపన్యాసం విని చప్పట్లు కొట్టిన మనిషే సాయంత్రం ఓటీకి పేరు రాయించుకుంటాడు. ఇతన్ని తప్పుపట్టేవాడు మూర్ఖుడు. ఇతన్ని త్యాగమూర్తిని చేసేవాడు ఇంకొక రకం మూర్ఖుడు. మన యువ మిత్రుడి కథ ఈ రెండో తప్పు చేసింది, అందుకు చప్పట్లు కొట్టిన నేనూ చేశాను. కూతురి చదువు కోసం తండ్రి చేసిన త్యాగంగా చూస్తే ఇది కుటుంబ కథ. ఎనిమిది గంటల కూలి కూతురి ఫీజుకు ఎందుకు చాలలేదు అన్న ప్రశ్న వేస్తే అది కార్మికుడి కథ.

ఈ సందర్భంలో మా ఊరి రైల్వే గురించి రెండు మాటలు. సికింద్రాబాదులో ఉండి రైలు కూత వినకుండా పనిగంటల గురించి ఆలోచించడం కుదరదు. 1966 అక్టోబరు 2 నుంచి దక్షిణ మధ్య రైల్వేకు ఇది కేంద్రం. రైల్వేలో పనిగంటలు ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కాక (వర్క్‌షాపుల సంగతి వేరు) విడిగా ఉంటాయి. 1989 రైల్వే చట్టం ఉద్యోగాలకు పేర్లు పెట్టింది. మెదడుకూ ఒంటికీ తీవ్రమైన ఒత్తిడి ఉండే 'ఇంటెన్సివ్' పనికి వారానికి 45 గంటలు. 'కంటిన్యువస్' పనికి 54 గంటలు. 'ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్', అంటే స్వభావరీత్యా ఆగి ఆగి సాగే పనికి 75 గంటలు! డ్యూటీ సమయంలో సగమో అంతకు మించో కదలికా నిరంతర శ్రద్ధా అవసరం లేని వ్యవధి ఉంటే ఆ పని మూడో రకం. రైలుకూ రైలుకూ మధ్య గేటు దగ్గర కూర్చున్న మనిషి పనిలో ఉన్నాడా, లేడా? అతను ఇంటికి పోలేడు, నిద్రపోలేడు, పిల్లవాడికి జ్వరం వచ్చినా కదలలేడు. అతని కాలం అతనిది కాదు. కానీ లెక్కలో అది 'పనిలేని వ్యవధి'. ఇక్కడ కూడా అదనపు గంటకు రేటు రెట్టింపే, చట్టంలో స్పష్టంగా ఉంది. కాకపోతే అదనం మొదలయ్యే గీత 45 దగ్గరా, 75 దగ్గరా అన్నది పేరును బట్టి మారుతుంది.

రైలింజన్లు నడిపేవాళ్లు ఈ సంగతి ముందే పట్టుకున్నారు. 1973 ఆగస్టులో వాళ్లు పని ఆపింది ముఖ్యంగా గంటల మీదే. సైనాన్ నుంచి సైనాఫ్ దాకా 10 గంటలు మించి డ్యూటీ ఉండదని ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ మాట సరిగ్గా నిలబడలేదు. 1974 మే 8 నుంచి 27 వరకు జరిగిన రైల్వే సమ్మెలో కూడా 8 గంటల పనిదినం కోరికల్లో ఉంది. ఆ సమ్మె మీద మన భాషలో కవితలు వచ్చాయి, పాటలు వచ్చాయి. ఎరుపు, నిప్పు, ఇంజను, ఉక్కుపిడికిలి అన్నీ వచ్చాయి. రోస్టరు చార్టు రాలేదు. మా ఫిట్టర్ పెద్దాయన మాటల్లో చెప్పాలంటే, "అందరూ జెండా రాశారు, డ్యూటీ బుక్కు ఎవరూ రాయలేదు."

ఇక కేంద్ర చట్టాలు. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. పైకి చూస్తే బాగానే ఉంటుంది. రోజుకు 8 గంటలు అని స్పష్టంగా రాశారు. ఓవర్‌టైంకు రెట్టింపు రేటు ఉంది. రోజు లెక్కా, వారం లెక్కా అన్నదానిలో కార్మికుడికి ఏది లాభమో అది తీసుకోవాలన్నారు. కార్మికుడి సమ్మతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదన్నారు. ఇవి మంచి మాటలు, వీటిని పట్టుకుని వాదించాలి కూడా. కానీ ఎన్ని గంటలు దాటితే ఓవర్‌టైం అన్నదాన్నీ, దానికి గరిష్ఠ పరిమితినీ ప్రభుత్వాలు నియమాల ద్వారా నిర్ణయించేందుకు వదిలేశారు. 1948 చట్టంలో పార్లమెంటు రాసిన అంకెలు ఉండేవి. ఇప్పుడు 'నిర్దేశించిన మేరకు' అన్న మాట ఉంది. అంకెను మార్చాలంటే చట్టసభలో నలుగురూ మాట్లాడాలి. నియమాన్ని మార్చడానికి ఒక నోటిఫికేషన్ చాలు.

ఇంకో రెండు గీతలు కూడా జరిగాయి. కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు, ఇప్పుడు 20 మంది ఉండాలి. కరెంటు లేని చోట 20 కాస్తా 40 అయింది. నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకుంటూ పర్యవేక్షక హోదాలో ఉన్నవాడు ఈ కోడ్ ప్రకారం కార్మికుడు కాడు. ఈ రోజుల్లో నలుగురు స్వీపర్ల మీద ఉండే ఐదో స్వీపరుకు కూడా 'సూపర్‌వైజర్' అని బ్యాడ్జీ ఇస్తున్నారు. హోదా పెరిగింది, సంతోషం. అసలు పని ఇదివరకటిదేనని రుజువు చేసుకోగలిగితే తప్ప ఓవర్‌టైం పోయింది. నిజానికి ఇదొక కథ, ఎవరైనా రాయండి. బ్యాడ్జీ వచ్చిన రోజు ఇంట్లో స్వీటు పంచి, నెలాఖరున జీతం స్లిప్పు చూసుకునే మనిషి కథ.

మార్క్స్ 'కాపిటల్'లో పనిదినం మీద రాసిన అధ్యాయాన్ని రంగనాయకమ్మ 'పరిచయం' ద్వారానైనా మనలో చాలామంది చదివే ఉంటారు. ఆ అధ్యాయం సిద్ధాంత గ్రంథంలా ఉండదు, నవలలా ఉంటుంది. దానికి ముడిసరుకు ఎక్కడిది? ఇంగ్లండు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు. భోజన విరామంలో ఐదు నిమిషాలు, ఉదయం గేటు తెరవడంలో పది నిమిషాలు కొట్టేయడం గురించి ప్రభుత్వ ఉద్యోగులు రాసిన పొడి నివేదికల్లోంచి ఆయన ఒక శతాబ్దపు దుఃఖాన్ని బయటికి తీశాడు. నిమిషాల లెక్క ఉన్నందువల్ల ఆ దుఃఖం తగ్గలేదు, పదునెక్కింది. మనకు తెలుగులో ఆకలి కథలు ఉన్నాయి, సమ్మె కథలు ఉన్నాయి, లాకౌట్ కథలు ఉన్నాయి. సింగరేణి నుంచి వచ్చిన కథల్లో షిఫ్టు, మస్టరు, సైరను రక్తమాంసాలతో కనిపిస్తాయి, ఎందుకంటే అవి రాసినవాళ్లకు అక్కడి లెక్క తెలుసు. నగరం శివార్ల గోదాముల మీద, కాల్ సెంటర్ల మీద, అపార్టుమెంట్ల గేట్ల మీద మనం రాస్తున్న వాటిలో గడియారం గోడకు ఉంటుంది గానీ ముల్లు తిరగదు.

కొందరు పెద్దవాళ్లు సలహాలివ్వడం మానలేదు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి మాటల్లో అది 90కి చేరింది. మన పత్రికలు ఆ మాటల మీద కార్టూన్లు వేసి నవ్వుకున్నాయి. తమిళనాడులో 2023 ఏప్రిల్‌లో 12 గంటల పనికి దారితీసే బిల్లు శాసనసభలో నెగ్గింది కూడా. మిత్రపక్షాలు, కార్మిక సంఘాలు ఒత్తిడి చేసేసరికి మేడే నాడు దాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. కార్టూన్ల వల్ల జరిగిన పని కాదది.

ఆ యువ రచయిత కథను మూడుసార్లు తిరగరాశాడు. రెండో ప్రతిలో యాదగిరి జీతం స్లిప్పు వచ్చింది. ఆరు రోజులు, రోజుకు 12 గంటలు, వారానికి 72. ఇది ఏ పాత చట్టం కిందా, ఏ కొత్త జీవో కిందా చెల్లదని అతనే కనిపెట్టాడు. స్లిప్పులో మాత్రం 48 గంటలే ఉంటాయని, మిగతా 24 గంటల డబ్బు వేరే కవరులో ఇస్తారని గోదాముకు వెళ్లి నలుగురిని అడిగి తెలుసుకున్నాడు. ఆ కవరు మొదటి ప్రతిలో భార్య చేతిలో పెట్టిన కవరే. అప్పుడది ప్రేమకు గుర్తుగా ఉంది. ఇప్పుడు అదే సాక్ష్యం. కవరులో వచ్చిన డబ్బు రెట్టింపు రేటు మీద లేదు, దానికి పీఎఫ్ లేదు, అది ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు.

మూడో ప్రతిని చిలకలగూడలోనే మళ్లీ చదివాడు. భార్య కవరు విప్పి నోట్లు లెక్కపెట్టి, పెన్సిలు తీసి గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళుతుంది. ఒక్కొక్క తేదీ పక్కన గంటలు వేసుకుంటూ పోతుంది. కథ ఇప్పుడు కొంచెం బరువుగా నడుస్తోంది, మొదటి ప్రతిలో ఉన్న నునుపు పోయింది. ఒకరిద్దరు ఆ మాట అన్నారు కూడా. ఫిట్టర్ పెద్దాయన వైపు చూశాం. ఆయన కళ్లజోడు సవరించుకుని, "బాగుంది బాబూ. క్యాలెండర్లో ఆదివారాలు ఆమె ఏం చేసింది? అవి ఎర్రంకెలు గదా, వాటి పక్కన కూడా పన్నెండు వేసిందా?" అన్నారు.

రచయిత జేబులోంచి కలం తీశాడు.